ఆ పట్టు జాకెట్టు ఇంకా నా దగ్గరే ఉంది

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు ఉద్యోగం మానేసి చేనేత దుస్తుల మీద పత్రిక పెడుతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. పత్రికతో పాటు వీడియోలు, ఊరూరా ప్రదర్శనలు, పత్రిక పేరుతోనే జాకెట్టు కత్తిరించుకునే కాగితపు నమూనాల అమ్మకం కూడానట. మన ఇంట్లో నా తర్వాత అచ్చు పిచ్చి పట్టింది నీకొక్కదానికే అని పొంగిపోయాను. కానీ ఆ నమూనాల మాట వినగానే గుండె గుబుక్కుమంది. రాత్రి నిద్ర పట్టలేదు. నాతో ముందుగా ఒక్క మాట అనలేదని కోపం కూడా ఉంది, దాని సంగతి నువ్వు వచ్చినప్పుడు చూసుకుంటాను.

రిజిస్ట్రేషను, ట్రేడ్‌మార్కు, విడిగా బ్యాంకు ఖాతా: మంచి ఆడిటరును పట్టుకో, చాలు.

పత్రికలు కాగితం దాటి జనంలోకి వెళ్లడం పాత సంగతే. ఫెమినా 1964లోనే తన పేరుతో మిస్ ఇండియా పోటీ మొదలుపెట్టింది. నాకు మాత్రం ఎబొనీ వాళ్ల పద్ధతి ఇష్టం. అమెరికాలో నల్లజాతి పాఠకుల కోసం నడిచిన ఆ పత్రిక 1958 నుంచి ఫ్యాషన్ ప్రదర్శనను ఊరూరా తిప్పింది. టికెట్టు కొంటే చందా అందులోనే కలిసి ఉండేది. వచ్చిన డబ్బు సేవా సంస్థలకు వెళ్లేది. దాన్ని నడిపిన యూనిస్ జాన్సన్, తెర వెనక మోడళ్లు తమ ఒంటి రంగుకు సరిపడే ఫౌండేషన్ పూత దొరక్క రెండు మూడు రకాలు కలిపి రాసుకోవడం చూశారు. 1973లో ఫ్యాషన్ ఫెయిర్ సౌందర్య సాధనాలు పుట్టింది అలా. నీ ప్రదర్శనలోనూ కుర్చీలు ఎన్ని నిండాయో తర్వాత లెక్కపెట్టుకోవచ్చు. వచ్చిన ఆడవాళ్లు అద్దం ముందు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చూడు.

ఇక నమూనాలు. జర్మనీలో ఎన్నె బుర్దా 1950లో పెట్టిన పత్రికలో నమూనా కాగితాలు మడిచి ఇచ్చేవారు. అలాంటి పాత సంచిక ఒకటి నేను పనిచేసిన పత్రిక ఆఫీసులో నా కంటపడింది. కాగితం పరిస్తే బల్లంతా ఒకదాని మీదుగా ఒకటి పోయే గీతలు. మా పత్రికలోనూ జాకెట్టు నమూనా వేద్దామని నేనే పట్టుబట్టాను. ఆ జర్మన్ నమూనాలకు కుట్టు జాగా కలిపి ఉండదు. చుట్టూ వదిలి కత్తిరించుకోవడం అక్కడి పాఠకులకు అలవాటు. నేనూ అలాగే గీశాను. ‘కుట్లకు చుట్టూ అర అంగుళం వదలండి’ అన్న ఒక్క వాక్యం రాయడం మరిచాను.

పది రోజులకు ఉత్తరాలు మొదలయ్యాయి. ఒక కవరు బరువుగా ఉంది. విప్పితే మిరపపండు రంగు పట్టు జాకెట్టు, చేతులకు జరీ అంచు. బిగువుకి చంక దగ్గర పట్టు పిగిలిపోయి ఉంది. కూతురి పెళ్లిచీరతో కలిపి నేసిన ముక్క అది. ‘ఇలాంటి ముక్క మళ్లీ దొరకదమ్మా. మీ పత్రిక కదా అని ఇంకేమీ ఆలోచించకుండా కత్తెర పెట్టాను’ అని రాసింది ఆ తల్లి. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మరుసటి సంచికలో సవరణ వేయమని నేనే అడగాలి. అడగలేదు. పై నెలలో పాఠకుల సభ ఉంది, నలుగురిలో నా పేరు పోతుందని భయపడ్డాను. ఆవిడకు జవాబు రాయలేదు. జాకెట్టు తిప్పి పంపడానికి కూడా ముఖం చెల్లలేదు. సభకు హాలు నిండింది, అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం ఎర్రచీర కనబడితే చాలు, తల దించుకున్నాను. ఆ ఏడాది చివర చందాల రిజిస్టరులో ఆవిడ పేరు ఎదుట గడి ఖాళీగా ఉండిపోయింది.

అందుకే చెబుతున్నాను, అచ్చులో తప్పు పడితే పాఠకురాలు నవ్వి ఊరుకుంటుందేమో గానీ, నమూనాలో తప్పు పడితే ఆవిడ బట్ట పోతుంది. ఒక్కో నమూనాను మూడు రకాల ఒళ్లున్న ఆడవాళ్లకు కుట్టించి, తొడిగించి, చేతులు పైకెత్తించి చూడు. తప్పు తెలిసిన రోజే వీడియోలో నీ ముఖంతో నువ్వే చెప్పు. బట్ట ఖరీదు ఇవ్వడానికి కొంత డబ్బు విడిగా ఉంచు. ప్రకటన డబ్బుకు ఆశపడి మరమగ్గం చీరను చేనేత అని ఒక్కసారి కూడా రాయకు.

వేళకు తిను. రాత్రి రెండింటి దాకా కంప్యూటరు ముందు కూర్చుంటున్నావని మీ అమ్మ బాధపడుతోంది.

మొదటి నమూనాను అచ్చుకు ఇచ్చే ముందు నాకు పంపు. కళ్లద్దాలు మార్పించాను. పాత నూలు చీర ఒకటి ఉతికి పక్కన పెట్టాను, దాని మీద కత్తిరించి చూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ