గాలపు బెండును ఇంట్లోనే ఎలా తయారుచేసుకోవాలి?

చేప ఎరను పట్టిందని తెలిపేలా గాలపు దారానికి కట్టి నీటిపై తేలించే ముక్కే గాలపు బెండు. దాని తయారీకి, చెరువు గట్టున గాలం వేసేవారికి జీలుగు బెండును (జీలుగు మొక్క కాండపు మెత్తని భాగాన్ని) మించిన ముడిసరుకు లేదని నా అభిప్రాయం. అది ఎంతో తేలికైనది, పదునైన బ్లేడుకు సులువుగా తెగుతుంది. రెండంగుళాల ముక్కను రెండు కొనలూ సన్నబడేలా చెక్కి, గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, నడిమిగా సన్నని వెదురు పుల్లను దూర్చి జిగురుతో అతికించాలి. జీలుగు నీటిని పీల్చుకుంటుంది కనుక వార్నిష్ కనీసం రెండు పూతలు వేయాలి. పైకొనకు ఎరుపు రంగు చాలు.

అసలు నేర్పు తూకంలో ఉంది. బెండు ఘనపరిమాణం 5 ఘన సెంటీమీటర్లు, బరువు 1 గ్రాము అయితే, అది పూర్తిగా మునగడానికి దాదాపు 4 గ్రాముల అదనపు బరువు కావాలి. అందువల్ల గాలమూ ఎరా తగిలించి, బకెట్టు నీటిలో పరీక్షిస్తూ, ఎర్రని కొన మాత్రమే పైకి కనిపించేవరకు దారానికి చిన్న సీసపు గుండ్లను ఒక్కొక్కటిగా చేర్చాలి. బెండు ఎక్కువగా పైకి తేలితే, ఎరను లాగే చేపకు ఆ బిగువు తెలిసిపోయి, అది ఎరను వదిలేస్తుంది.