కోబ్రా కారు కోసం 401కె నుంచి లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. టెక్సాస్‌లోని ప్లానోలో ఉంటున్నాం. హెచ్1బి మీద ఉన్నాను, గ్రీన్‌కార్డు క్యూలో ఉంది. ఇల్లంతా నా జీతం మీదే నడుస్తుంది, నెలకు 6,500 డాలర్లు ఖర్చవుతుంది. సేవింగ్స్‌లో 62,000, ఆఫీసు తరఫున ఉండే రిటైర్మెంట్ ఖాతా 401కెలో 1,10,000 ఉన్నాయి. ఇంటి గ్యారేజీలో విడిభాగాల కిట్ కొని, షెల్బీ కోబ్రా అనే పాత స్పోర్ట్స్ కారుకు రెప్లికా (నకలు) కట్టాలని నా కోరిక. కిట్‌కి 24,000, ఇంజన్, గేర్‌బాక్స్‌లకు 11,000, పెయింట్‌కి 4,000, మిగతావాటికి 3,000 లెక్క వేశాను. మొత్తం 42,000 అవుతుంది. 401కె నుంచి లోన్ తీసుకుంటే వడ్డీ నాకే వస్తుంది కదా? అసలు కోబ్రాలు కోట్లు పలుకుతున్నాయి, ఇదీ పెట్టుబడే అవుతుందా? ఆరేళ్లలో విజయవాడ వెళ్లిపోవాలని ఉంది. కారు తీసుకెళ్లొచ్చా?

జవాబు: కారు కట్టుకోండి. 401కె జోలికి మాత్రం వెళ్లకండి.

మీ ప్లాన్ నుంచి 50,000 డాలర్ల వరకు లోన్ వస్తుంది, వడ్డీ మీ ఖాతాకే చేరుతుంది. అదంతా నిజమే. కానీ మీది హెచ్1బి. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి సాధారణంగా దొరికేది 60 రోజులు. చాలా ప్లాన్లలో ఉద్యోగం వదలగానే మిగిలిన లోన్ కూడా కట్టాల్సి వస్తుంది. ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా సర్దలేకపోతే దాన్ని విత్‌డ్రాయల్‌గా లెక్కేసి టాక్స్ వేస్తారు. మీ వయసుకు 10 శాతం పెనాల్టీ అదనం. జీతం ఆగినప్పుడే ఈ బిల్లు కూడా వచ్చి పడుతుంది, గ్యారేజీలో చక్రాల్లేని ఛాసిస్ ఉంటుంది. సగం కట్టిన కిట్‌ని కొనేవాళ్లు ఎంత బేరమాడతారో పాత ప్రకటనలు చూస్తే తెలుస్తుంది.

పెట్టుబడి మాటకొస్తే, కారల్ షెల్బీ 1962లో తయారుచేసిన మొట్టమొదటి కోబ్రా 2016లో మాంటెరీ వేలంలో 1.375 కోట్ల డాలర్లు పలికింది. ఆ డబ్బు దాని ఛాసిస్ నంబర్‌కి, చరిత్రకి. కోబ్రాకి వచ్చినన్ని నకళ్లు చాలా తక్కువ కార్లకు వచ్చాయి, ఇప్పటికీ కొత్తవి తయారవుతూనే ఉన్నాయి. కొనేవాడు విడిభాగాలకు, పనితనానికి ఎంతో కొంత ఇస్తాడు. మీ ఆదివారాలకు ఎవరూ ఇవ్వరు. దీన్ని సరదా ఖర్చు కిందే రాసుకోండి.

మీ లెక్కలో నాకు నచ్చనిది పెయింట్. ఫైబర్‌గ్లాస్ బాడీని మోల్డ్ గీతలు పోయేలా సాండింగ్ చేసి, డోర్ల గ్యాప్‌లు సరిచేసి రంగు వేయించాలంటే మంచి షాపులో పది వేలు దాటడం మామూలే. కిట్ ధరలో చాలాసార్లు వీల్స్, టైర్లు, వెనక యాక్సిల్ ఉండవు. రవాణా, ఇంజన్ ఎత్తే హాయిస్ట్, ఇతర పనిముట్లు కూడా కలుపుకోండి. నేనైతే 58,000 అనుకుని మొదలుపెడతాను.

మీలాంటి ఒంటి జీతం, వీసా ఇంటికి ఎనిమిది నెలల ఖర్చు, అంటే 52,000, కదపకూడదు. మిగిలిన 10,000తో కారుకు వేరే ఖాతా తెరవండి. నెలకు 1,500 వేయగలిగితే పది నెలలకు 25,000 అవుతుంది, కిట్ ఆర్డర్ పెట్టొచ్చు. మీరు ఛాసిస్, సస్పెన్షన్, బ్రేకుల పని చేస్తుండగా ఇంజన్ డబ్బు జమవుతుంది. బాడీ ఎక్కించక ముందే ఇంజన్ పెట్టి నడిపి చూసే దశని బిల్డర్లు గో-కార్ట్ స్టేజ్ అంటారు. అసలు సరదా అక్కడే అంటారు చాలామంది! పెయింట్‌కి తొందర లేదు, రంగు వేయకుండా బాడీకి ముందే ఉండే జెల్‌కోట్ పూత మీదే కొన్నాళ్లు తిప్పేవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ లెక్కన డబ్బు పూర్తిగా సమకూరడానికి రెండేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. కట్టడం కన్నా నడపడమే ముఖ్యం అనుకుంటే, ఎవరో పూర్తిచేసి అమ్ముతున్న రెప్లికా చాలాసార్లు ఇంతకంటే చవకగా దొరుకుతుంది.

ఆర్డర్ పెట్టే ముందే ఇంట్లో కట్టిన కారు టైటిల్‌కి (యాజమాన్య పత్రానికి) టెక్సాస్ వాహనాల శాఖ డీఎంవీ ఏమేం అడుగుతుందో చూసుకోండి. ప్రతి రసీదూ, కిట్‌తో తయారీదారు ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ దాచండి. రోడ్డెక్కాక అగ్రీడ్ వాల్యూ పాలసీ, అంటే కారు విలువ ముందే ఒప్పుకుని రాసే బీమా, తీసుకోండి. మామూలు ఆటో పాలసీలో కారు విలువ మీద వాదన తప్పదు.

విజయవాడకి మాత్రం కుదరదు. మన దేశానికి వాడిన కారు తెచ్చుకోవాలంటే స్టీరింగ్ కుడివైపు ఉండాలి. మీది అక్కడే ఆగిపోతుంది, డ్యూటీ లెక్క వరకూ వెళ్లనక్కర్లేదు. తిరిగి వెళ్లడానికి ఏడాది ముందు, వసంతంలో, టెక్సాస్‌లోనే అమ్మకానికి పెట్టండి.