వాటర్ స్కీయింగ్‌లో (బోటు లాగుతుంటే తాడు పట్టుకుని నీటి మీద జారే ఆటలో) బోటు నడిపేవాళ్లు కాక ఇంకొకరు బోటులో ఎందుకు ఉండాలి? వెనక చూసే అద్దం చాలదా?

చాలదు, బోటు నడిపేవాళ్ల చూపు ముందుకే ఉండాలి కాబట్టి, తాడు పట్టుకుని వెనక వస్తున్నవాళ్లను కనిపెట్టుకుని ఉండటానికి ఇంకొకరు కావాలి. కొన్ని చోట్ల వెడల్పాటి అద్దం ఉంటే నిబంధనలు ఒప్పుకుంటాయి కానీ, మనిషి కన్నుకు అది సాటి రాదు.

బోటుకు కారులా బ్రేకులు ఉండవు. గంటకు 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 8 మీటర్ల పైమాటే. మూడు సెకన్లు వెనక్కి తిరిగి చూస్తే దాదాపు 25 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. ఆ కాస్త దూరంలో ఎవరైనా ఈదుతూ ఉండొచ్చు, దుంగ తేలుతూ ఉండొచ్చు.

ఉదాహరణకు, స్కీ చేస్తున్న మనిషి పట్టు తప్పి పడ్డారనుకుందాం. నీటి మీద కనిపించేది తల ఒక్కటే. చిన్న అల వచ్చినా అది కూడా కనపడదు. వెనక చూస్తున్నవాళ్లు వెంటనే కేకేసి చెప్పాలి, బోటు తిరిగి వచ్చేదాకా ఆ తల మీంచి చూపు తిప్పకూడదు. పడ్డవాళ్లు చెయ్యి పైకెత్తితే బాగానే ఉన్నామని అర్థం. ఎత్తకపోతే దెబ్బ తగిలిందనే అనుకోవాలి. దగ్గరికి వచ్చాక, ఎక్కించుకునే ముందు ఇంజన్ పూర్తిగా ఆపేయాలి. న్యూట్రల్‌లో ఉంచితే, పొరపాటున గేరు పడగానే ప్రొపెల్లర్ (బోటును ముందుకు నెట్టే రెక్కల చక్రం) తిరుగుతుంది.

“లైఫ్ జాకెట్ ఉందిగా, టెన్షన్ ఎందుకు” అని చాలామంది పొరబడతారు. జాకెట్ మునగకుండా కాపాడుతుంది, అది తప్పకుండా వేసుకోవాల్సిందే. కానీ పడ్డవాళ్ల వైపు దూసుకొచ్చే ఇంకో బోటును అది ఆపలేదు.