పాము కాటు కాదు, దొమ్మ వ్యాధి: ఆ మాంసం ముట్టొద్దు

ప్రశ్న: మాది ఒడిశా, కోరాపుట్ జిల్లా బందుగాం బ్లాకులో ఒక పల్లె. వానలు మొదలయ్యాక నాలుగు రోజుల్లో మా వీధిలో రెండు ఎడ్లు, ఒక మేక చనిపోయాయి. రాత్రి మేత మేసిన ఎద్దు తెల్లారేసరికి పడి ఉంది. కడుపు ఉబ్బింది, ముక్కులోంచీ వెనక నుంచీ నల్లటి రక్తం కారింది. పాము కరిచిందని అనుకుంటున్నాం. మందుల షాపతను గురక వ్యాధి అని చెప్పి, అన్ని పశువులకూ వేయమని ఇంజక్షన్లు ఇచ్చాడు. సీసా ఫొటో పంపుతున్నాను. వేయించమంటారా? మొదటి ఎద్దు తోలు సంతలో అమ్మడానికి ఉంచాం. రెండోదాన్ని ఇంకా కోయలేదు. మేక మాంసం కొంత ఎండబెట్టాం. బాగా ఉడికిస్తే తినొచ్చా?

జవాబు: ఈ రైతుకు ఫోన్లోనే చెప్పేశాం. మిగతా ఊళ్లకూ పనికొస్తుందని ఇక్కడ వేస్తున్నాం.

ముందు మీ ఆఖరి ప్రశ్న. తినొద్దు. గంటసేపు ఉడికించినా తినొద్దు, కుక్కలకు వేయొద్దు, గెడ్డలో (వాగులో) పారేయొద్దు. తోలు సంతకు పోకూడదు. ఇప్పుడే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా బ్లాకు పశువైద్యుడికి కబురు పెట్టండి. ఈ జబ్బును అధికారులకు తెలియజేయడం చట్టప్రకారం తప్పనిసరి.

పాము సంగతి మరచిపోండి. నాలుగు రోజుల్లో మూడు పశువులను వెతుక్కుంటూ వచ్చి కరిచే పాము ఉండదు. గురక వ్యాధి కూడా కాదనే నా అనుమానం. అందులో గొంతు కింద వాపు వస్తుంది, పశువు గురక పెడుతూ ఊపిరాడక చస్తుంది. మీరు వాపు గురించి ఒక్క మాటా చెప్పలేదు. బాగున్న పశువు హఠాత్తుగా చావడం, పొట్ట ఉబ్బడం, గడ్డకట్టని నల్లటి రక్తం కారడం, ఇవి దొమ్మ వ్యాధి, అంటే ఆంత్రాక్స్ లక్షణాలు. మీ జిల్లాకు ఇది కొత్తేం కాదు. భువనేశ్వర్‌లోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పరిశోధన కేంద్రం పశువైద్యులనూ మనుషుల డాక్టర్లనూ కలుపుకొని కోరాపుట్‌లోనే దీని నివారణ మీద పనిచేసింది. పశువైద్యుడు చెవి దగ్గర రక్తపు చుక్క తీసి పరీక్షకు పంపుతాడు. ఫలితం వచ్చేదాకా దొమ్మే అనుకుని నడుచుకోండి.

రెండో ఎద్దు మీద కత్తి పెట్టొద్దు. పోస్టుమార్టం కూడా వద్దు. కోయని కళేబరంలో ఈ సూక్ష్మజీవి కుళ్లుతోపాటే కొద్ది రోజుల్లో నశిస్తుంది. కోసి రక్తానికి గాలి తగలనిస్తే మాత్రం స్పోర్లుగా మారుతుంది. అవి గట్టి పెంకు విత్తనాల్లా నేలలో పదుల ఏళ్లు పడి ఉంటాయి. వాన నీటితో పల్లానికి చేరి, పొట్టి గడ్డిని మట్టితో సహా పీక్కుతినే పశువు కడుపులోకి పోతాయి. సున్నం చల్లేశాం కదా అంటారు చాలామంది. సున్నానికి ఇవి చావవు.

గ్లౌజులు వేసుకుని ముక్కు, నోరు, వెనక రంధ్రాలను ఫార్మలిన్‌లో (క్రిములను చంపే రసాయనం) తడిపిన గుడ్డతో మూయాలి. కళేబరాన్ని ఈడ్చొద్దు. చనిపోయినచోటికి దగ్గర్లోనే, గెడ్డకూ బావికీ దూరంగా, ఆరడుగుల లోతు గొయ్యి తీయండి. తోలు, ఎండు మాంసం, రక్తం పడిన గడ్డి, మట్టి అన్నీ అందులోకే. పైన ముళ్లకంప వేయండి. కట్టెలు సరిపడా ఉంటే పూర్తిగా కాల్చడం ఇంకా మేలు.

ఇక ఆ ఇంజక్షన్లు. ఫొటోలో ఉన్నది ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్. ఆరోగ్యంగా ఉన్న పశువులకు వేయొద్దు. మీ మందకు ఇప్పుడు కావలసింది దొమ్మ టీకా. అందులో ఉండేవి బతికున్న స్పోర్లే, 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ తయారుచేసిన బలహీనమైన రకం. యాంటీబయాటిక్ ఒంట్లో ఉండగా టీకా వేస్తే అదీ చస్తుంది, టీకా వేసినా వేయనట్టే. షాపతను పశువును చూడలేదు, థర్మామీటరు పెట్టలేదు. మీరు నాలుగు మాటలు చెప్పారు, అతను నాలుగు సీసాలు అమ్మాడు. దీన్ని వైద్యం అనరు.

పొద్దున, సాయంత్రం మందకు జ్వరం చూడండి. ఆవు, ఎద్దులకు 103 డిగ్రీల ఫారన్‌హీట్, మేకలకు 104 దాటితే వేరే కట్టేయండి. వాటికి పెన్సిలిన్ డాక్టరే వేస్తారు. ఆ ఆవు పాలు వాడొద్దు. జ్వరం లేనివాటికి టీకా: పెద్ద పశువుకు 1 మి.లీ., గొర్రె, మేకకు అర మి.లీ., చర్మం కింద. సీసా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో రావాలి, సైకిల్ సంచిలో కాదు. చూడి చివరి నెలల్లో ఉన్నవాటికి డాక్టరును అడిగాకే. టీకాకు ముందు పది రోజులు, తర్వాత పది రోజులు యాంటీబయాటిక్ ఉండకూడదు. టీకా పనిచేయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆ పల్లంలో మేపొద్దు.

గురక వ్యాధి టీకా దొమ్మను ఆపదు, రెండూ వేర్వేరు. మీ ఊళ్లో దొమ్మ టీకా ఇకనుంచి ఏటా మే నెలలో, వానలకు ముందే పడాలి. శిబిరం పెట్టిన రోజున, సూది వేస్తే పాలు తగ్గుతాయని పశువులను అడవికి తోలేసే ఊళ్లు నాకు బాగా తెలుసు. సూది చోట కాస్త వాపు వస్తుంది, కొద్ది రోజుల్లో పోతుంది. అంతే.

మనుషుల సంగతి మీరు అడగనే లేదు. తోలు ఒలిచినవాళ్లు, మేకను కోసినవాళ్లు, వండినవాళ్లు, తిన్నవాళ్లు, అందరి పేర్లూ ఆశా దీదీకి ఈ రోజే ఇవ్వండి. చేతి మీద దోమ కుట్టినట్టు దురద పొక్కు లేచి, నీరు పట్టి, నడుమ నల్లటి పెచ్చు కడితే అది దొమ్మ పుండే కావచ్చు. నొప్పి లేదు కదా అని పసుపు రాసి ఊరుకోవద్దు. మాంసం తిన్నవాళ్లకు జ్వరం, కడుపునొప్పి, వాంతులు, రక్త విరేచనాలు వస్తే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వేళకు మందులు పడితే నయమవుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ ‘జ్వరం’ అని మాత్రమే చెప్పొద్దు. చచ్చిన పశువును కోశామని, తిన్నామని సిగ్గుపడకుండా చెప్పండి. అది వినకపోతే డాక్టరుకు ఈ జబ్బు అనుమానం రాదు.