హెచ్ఐవీ ఉన్నవాళ్లు బతికుండగా కిడ్నీ ఇవ్వొచ్చా?

అమెరికాలో ఇవ్వొచ్చు, తీసుకునే మనిషికి కూడా హెచ్ఐవీ ఉంటేనే. హెచ్ఐవీ ఉన్నవాళ్ల అవయవాల మార్పిడికి 2013 నాటి హోప్ చట్టం దారి తెరిచింది. బతికున్న దాత నుంచి మొదటి కిడ్నీ 2019 మార్చిలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో తీశారు. 2024 నవంబరు దాకా పరిశోధన కింద మాత్రమే చేసేవారు, ఇప్పుడు కిడ్నీకీ లివర్‌కీ ఆ నిబంధన లేదు. మన దేశంలో మాత్రం దాతకు పాజిటివ్ అని తేలితే మామూలుగా పక్కన పెట్టేస్తారు.

అందరూ వైరస్ గురించే అడుగుతారు గానీ, నన్నడిగితే ముందు చూడాల్సింది దాతకు మిగిలే ఆ ఒక్క కిడ్నీని. హోప్ పరిశోధనలో దాతకు సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) కనీసం 500, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) 50 లోపు ఉండాలన్నారు. అవి బాగున్నా మందులతో చిక్కు రావచ్చు. మన ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందుల) సెంటర్లలో ఇచ్చే టీఎల్‌డీ మాత్రనే తీసుకోండి: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. ఇందులో టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీ నాళికల్ని దెబ్బతీస్తుంది. రక్తంలో షుగర్ మామూలుగానే ఉండి మూత్రంలో గ్లూకోజ్ కనిపించినా, రక్తంలో ఫాస్ఫరస్ తగ్గినా దాన్నే అనుమానించాలి. డోలుటెగ్రావిర్ తీరు వేరు. కిడ్నీకి ఏ నష్టమూ చేయకుండానే క్రియాటినిన్‌ను (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష అంకెను) డెసిలీటరుకు 0.1 నుంచి 0.2 మి.గ్రా. దాకా పెంచి చూపిస్తుంది. ఆ అంకె ఒక్కటే చూసి మంచి దాతను వద్దనే ప్రమాదం ఉంది, కాబట్టి కిడ్నీ నిజంగా ఎంత పనిచేస్తోందో చూపే సిస్టాటిన్ సి రక్తపరీక్ష గానీ డీటీపీఏ స్కాన్ గానీ అడగండి.

తీసుకునేవాళ్ల దగ్గర పేచీ కొన్ని హెచ్ఐవీ కోర్సుల్లో ఉండే రిటోనావిర్‌తో, కోబిసిస్టాట్‌తో. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్‌ను లివర్ కరిగించకుండా ఇవి అడ్డుపడతాయి. రోజుకు రెండుసార్లు వేసుకునే మందు వారానికి అర మిల్లీగ్రాము సరిపోయేంత పేరుకుపోతుంది. మామూలు డోసు వేస్తే కొత్త కిడ్నీకే విషం. తర్వాత ఎవరికీ చెప్పకుండా రిటోనావిర్ ఆపేస్తే టాక్రోలిమస్ ఒక్కసారిగా పడిపోయి, శరీరం ఆ కిడ్నీని తిప్పికొడుతుంది. అందుకే ఆపరేషన్‌కు చాలా ముందే, వీలైతే డోలుటెగ్రావిర్ ఉన్న కోర్సుకు మార్చి, లోడ్ అణిగే ఉందని చూసుకుంటారు.

ఇంకోటి, దాతలో ఉన్న వైరస్ మందులకు లొంగని రకమైతే అదీ కిడ్నీతో పాటే వెళ్లొచ్చు. లోడ్ 50 లోపు ఉన్నప్పుడు మామూలు రెసిస్టెన్స్ పరీక్షకు రక్తంలో వైరస్ చాలదు. దాత ఎప్పుడైనా సెకండ్ లైన్‌కు (మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే కోర్సుకు) మారాడా, ఎందుకు మారాడు అన్నది పాత ఏఆర్‌టీ పుస్తకంలోనే దొరుకుతుంది. మొదటి అపాయింట్‌మెంట్‌కే దాన్ని వెంట తీసుకెళ్లండి.