నటులతో తీసిన మిస్టరీ గేములు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ‘ది సెంటెనియల్ కేస్: ఎ షిజిమా స్టోరీ’ అద్భుతమని కొందరు, అసలు గేమే కాదని కొందరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరిదీ నిజమే, కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో భాగం గురించి చెబుతున్నారు. 2022 మేలో స్క్వేర్ ఎనిక్స్ తెచ్చిన ఈ గేమ్‌లో కేసు మూడు దశల్లో నడుస్తుంది. ముందు సంఘటన వీడియో చూస్తాం. తర్వాత ఆధారాలు రాసి ఉన్న ఆరు పలకల బిళ్లలను ప్రశ్నల పక్కన పేర్చి ఊహలు కడతాం. చివర్లో నవలా రచయిత్రి హరుకా కగామిగా అందరి ముందూ చిక్కుముడి విప్పుతాం. 1922, 1972, 2022 కాలాల్లో అవే ముఖాలు వేరే వేరే పాత్రల్లో కనిపించడం చాలా బాగుంటుంది. మెచ్చుకునేవాళ్లు చెప్పేది దీని గురించే.

తేడా కొట్టేది మధ్య దశలో. బిళ్ల మీది గుర్తు, ఖాళీ పక్కనున్న గుర్తు కలిస్తే చాలు, అతుక్కుంటుంది. బుర్ర వాడకుండానే గుర్తులు చూసి అన్నీ నింపేయొచ్చు. పైగా సరైన ఊహ, అర్థంలేని ఊహ రెండూ ఒకేలా తయారవుతాయి. అన్నీ నింపాక ఏది పనికొస్తుందో తెలియక చివరి దశలో తడబడతారు, తప్పుకి మార్కులు పోతాయి. విసుగంతా అక్కడిదే.

అందుకే వీడియో అవగానే ఆగండి. చంపింది ఎవరు, ఎలా, ఎవరి మాట పొసగడం లేదు? ఈ మూడూ కాగితం మీద రాశాకే బిళ్లలు ముట్టుకోండి. తయారైన ప్రతి ఊహనూ చూసిన దృశ్యంతో పోల్చండి. వస్తువు ఉన్న చోటు గానీ, మనిషి కదిలిన సమయం గానీ సరిపోకపోతే దాన్ని కొట్టేయండి. ఇలా ఆడితే మధ్య దశ బరువనిపించదు. ఈ ఓపిక లేనివారికి ఈ గేమ్ వద్దనే చెబుతాను.

ప్రశ్న: ‘హర్ స్టోరీ’లో ఏ మాట వెతికినా ఐదు క్లిప్పులే తెరుచుకుంటున్నాయి. లోపమా?

జవాబు: కాదు, ఆటంతా ఆ పరిమితి మీదే నిలబడింది. 2015లో శామ్ బార్లో చేసిన ఈ గేమ్‌లో 1994లో ఒక మహిళను పోలీసులు విచారించిన వీడియోను చిన్న క్లిప్పులుగా ముక్కలు చేశారు. వెతికిన మాట ఎన్నింట్లో ఉన్నా, తేదీ వరసలో మొదటి ఐదే చూడనిస్తుంది. కాబట్టి మామూలు మాటలకు తొలినాళ్ల విచారణే మళ్లీ మళ్లీ వస్తుంది. చివరి రోజుల క్లిప్పులు కావాలంటే రెండు మాటలు కలిపి వెతకండి, లేదా ఆమె ఒక్కసారే పలికిన ఊరు, వస్తువు, పేరు పట్టుకోండి. డిటెక్టివ్ అడిగిన ప్రశ్నలు మనకు వినిపించవు, వెతుకులాటకూ దొరకవు. ఆమె జవాబుల్లోని మాటలే పనికొస్తాయి. సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే వెతికే మాటలో అక్షరాలు తప్పు పోవు.

ప్రశ్న: ఇలాంటి గేముల్లో పెదవులకూ మాటకూ పొంతన కుదరడం లేదు.

జవాబు: బ్లూటూత్ హెడ్‌ఫోన్ తీసి వైరుదో స్పీకరో పెట్టి చూడండి; చాలాసార్లు ఆలస్యం అక్కడే. అయినా మారకపోతే గేమ్‌ను హార్డ్‌డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి (అంతకంటే వేగంగా పనిచేసే డిస్క్‌కి) మార్చి, గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి.