రెండు వర్క్ ఆర్డర్లు, ఒకే సంస్థ: కన్సల్టెన్సీ ఫైలులో తప్పు ఎలా పట్టాలి?

ప్రశ్న: మా మున్సిపాలిటీ భూగర్భ డ్రైనేజీ డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) కోసం ఒకే కన్సల్టెన్సీకి నెల తిరగకుండా 24 లక్షలకొకటి, 23 లక్షలకొకటి రెండు వర్క్ ఆర్డర్లు ఇచ్చింది. టెండర్ ప్రకటన లేదు. మూడు కొటేషన్లు తీసుకున్నామంటున్నారు. కౌన్సిల్ ఆమోదం ఆ తర్వాతెప్పుడో పెట్టారు. నేరుగా ఏసీబీకి వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు. కానీ ఇప్పుడే వెళ్లకండి. నిబంధన తప్పడం వేరు, అవినీతి నేరం వేరు. ఒక అధికారి నిర్ణయం వల్ల ఎవరికో అనుచిత లాభం కలిగితే చాలు, నేరమయ్యే పాత నిబంధనను 2018 సవరణ అవినీతి నిరోధక చట్టం నుంచి తీసేసింది. ఇప్పుడు ఆ అధికారికి ముట్టినదాన్నో, అడిగినదాన్నో చూపాలి. అదే సవరణతో వచ్చిన 17ఎ సెక్షన్ ప్రకారం, అధికార హోదాలో తీసుకున్న నిర్ణయంపై విచారణకు ముందస్తు అనుమతి కావాలి. దానికి మూడు నెలల గడువు, అవసరమైతే ఇంకో నెల. ఉత్త అనుమానంతో రాసిన అర్జీ ఆ గడప దగ్గరే ఆగిపోతుంది.

ముందు డబ్బు ఎక్కడిదో తేల్చండి. మున్సిపల్ సాధారణ నిధులైతే రాష్ట్ర ఆర్థిక నియమాలు, పురపాలక శాఖ జీవోలు వర్తిస్తాయి. కేంద్ర పథకం సొమ్మైతే ఆ మార్గదర్శకాల్లో 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాలు పాటించాలని ఉందేమో చూడండి. ఆ నియమాల్లో 183వది 25 లక్షలు దాటిన కన్సల్టెన్సీకి బహిరంగంగా ఆసక్తి వ్యక్తీకరణలు (పని చేయడానికి ముందుకొస్తామనే సంస్థల దరఖాస్తులు) పిలవమంటుంది. మీరు చెప్పిన రెండు మొత్తాలూ ఆ గీతకు కాస్త కిందే ఆగాయి. పని ఒకటే అయితే ఇది ఆ పరిమితిని తప్పించుకోవడానికి పనిని ముక్కలు చేయడమే. కానీ రెండు ఆర్డర్ల పని పరిధి పక్కపక్కన పెట్టి చూడకుండా ఆ మాట అనకండి. ఒకటి సర్వే, ఇంకొకటి డిజైన్ అని వాళ్లు చెప్పే వీలుంది. నామినేషన్ మీద, అంటే పోటీ లేకుండా నేరుగా ఒక సంస్థకు ఇవ్వడాన్నీ చట్టం పూర్తిగా కాదనదు. అవే నియమాల్లో 194వదాని ప్రకారం కారణం ఫైలులో రాసి, తగిన అధికారి ఆమోదం తీసుకోవాలి. అది అరుదైన మినహాయింపుగానే ఉండాలని అల్ ఫహీమ్ మీట్ ఎక్స్‌పోర్ట్స్ కేసులో సుప్రీంకోర్టు 2006లో చెప్పింది.

ఇక సమాచార హక్కు దరఖాస్తు. ‘టెండర్ ఎందుకు పిలవలేదు?’ అని అడిగితే జవాబు రాదు. కారణాలు కాదు, కాగితాలు అడగాలి. రెండు ఆర్డర్ల నోట్ ఫైలు (అధికారుల అభిప్రాయాలు, ఆమోదాలు రాసిన పేజీలు), కొటేషన్లు, అవి వచ్చిన కవర్లు, తులనాత్మక పట్టిక, ఒప్పందం, కౌన్సిల్ అజెండా, తీర్మానం, బిల్లులు, ఓచర్లు, ఆ తేదీల ఇన్‌వర్డ్ రిజిస్టర్ (ఆఫీసుకు వచ్చిన కాగితాల నమోదు పుస్తకం) పేజీలు. వాటితో పాటు ఫైలును స్వయంగా తనిఖీ చేస్తానని కూడా రాయండి. నకళ్లలో కనబడని కొట్టివేతలు, అతికించిన పేజీలు అక్కడ దొరుకుతాయి. 30 రోజుల్లో సమాధానం రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. దాని ఫలితం మీద 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. వాణిజ్య రహస్యమంటూ సమాచార హక్కు చట్టం 8(1)(డి) సెక్షన్ చూపి మొత్తం ఫైలు నిరాకరించడం మామూలే. అలాంటప్పుడు అదే చట్టం 10వ సెక్షన్ ప్రకారం ఆ భాగం తీసేసి మిగతాది ఇవ్వమని అప్పీలులో రాయండి.

ఫైలు చేతికొచ్చాక తేదీలను ఒక వరుసలో రాసుకోండి. కేసు నిలిచేదీ, పడిపోయేదీ ఇక్కడే. కొటేషన్ ఇన్‌వర్డ్ తేదీ వర్క్ ఆర్డర్ తేదీ తర్వాతిదైతే పద్ధతి తప్పిందనడానికి వేరే సాక్ష్యం వెతకనక్కర్లేదు. మూడు కొటేషన్లలో ఒకే అక్షరదోషం, ఒకే చిరునామా ఉన్నాయేమో చూడండి. అవి కంపెనీలైతే ఉమ్మడి డైరెక్టర్లు కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో తెలుస్తారు. కుమ్మక్కు తేలితే అది 2002 కాంపిటీషన్ చట్టం 3(3)(డి) కిందికి వస్తుంది. కాంపిటీషన్ కమిషన్‌కు సమాచారం ఇవ్వడానికి మామూలుగా మూడేళ్ల గడువు.

చాలామంది బిల్లుల వైపు చూడరు. కన్సల్టెన్సీలో సొమ్ము జారేది ఎక్కువగా అక్కడే. ప్రతి విడత చెల్లింపునకు ముందు నివేదిక అందిందని, దాన్ని అంగీకరించామని ఎవరు సంతకం చేశారో చూడండి. ప్రతిపాదనలో చూపిన సీనియర్ నిపుణుల బదులు వేరేవాళ్లు పనిచేశారా? రుసుము ప్రాజెక్టు అంచనాలో శాతంగా ఉంటే, అంచనా పెరిగిన కొద్దీ కన్సల్టెంటుకు లాభం. డీపీఆర్ రాసిన సంస్థే రేపు పనుల టెండర్‌లో దిగితే స్వప్రయోజన వైరుధ్యం, అది ఇంకా పెద్ద తప్పు.

దొరికింది పద్ధతి లోపమే అయితే కమిషనర్‌కు రాతపూర్వక ఫిర్యాదు, నకలు పురపాలక శాఖ డైరెక్టర్‌కు, ఆ సంవత్సరపు లెక్కలు చూసే రాష్ట్ర ఆడిట్ శాఖ అధికారికి పంపండి. ఆడిట్ అభ్యంతరం పడితే బాధ్యుల నుంచి నష్టం రాబట్టే దారి తెరుచుకుంటుంది. అధికారుల దురుద్దేశం మీద అయితే ప్రమాణపత్రంతో లోకాయుక్త. డబ్బు చేతులు మారిందన్న ఆధారం ఉంటేనే ఏసీబీ.

హైకోర్టు రిట్ గురించి కూడా అడుగుతారేమో. 1994 టాటా సెల్యులార్ తీర్పు నుంచీ కోర్టులు నిర్ణయం మంచిచెడ్డల్లోకి వెళ్లవు, తీసుకున్న తీరునే పరిశీలిస్తాయి. డీపీఆర్ అందజేసి, బిల్లులు పూర్తయ్యాక ఒప్పందం రద్దు చేయమంటే పెద్దగా ఫలితం ఉండదు. అదే సంస్థకు మూడో ఆర్డర్ ఇవ్వబోతున్నట్టు అజెండాలో కనబడితే మాత్రం ఆ వారంలోనే వెళ్లండి. పోర్టల్ ప్రింటవుట్లు జత చేస్తే ఎలక్ట్రానిక్ రికార్డులకు కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం కూడా పెట్టండి.